ఆఖరి వంతు

గడ్డి మీ తలకంటే ఎత్తుగా కనిపిస్తోంది. నిజానికి అదేమంత ఎత్తు లేదు. మీరు నేల మీద పడి ఉన్నారు. తొడ దగ్గర ఏదో వెచ్చగా, తడిగా తగులుతోంది. అది మీ నెత్తురేనని తెలియడానికి కొంచెం సేపు పట్టింది.

1902 ఫిబ్రవరి 8. దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్. ఈ చోటు పేరు ఫ్లాక్‌ఫాంటేన్. మన ఊళ్ళలో ఇంకా తెల్లవారుజామున దుప్పటి తీయబుద్ధి కాని రోజులు. భూమధ్యరేఖకు ఈ దిగువన మాత్రం ఇది వేసవి. బ్రిటిష్ వాళ్ళకూ బోయర్లకూ యుద్ధం మొదలై మూడో ఏడు నడుస్తోంది. పెద్ద సైన్యాలు ఎదురెదురుగా నిలిచి పోరాడే దశ ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడంతా పొంచి ఉండి కొట్టడం, గుర్రాలెక్కి మాయమవడం. మీరు దక్షిణాఫ్రికా కాన్‌స్టాబ్యులరీ మనిషి. తరువాతి కాలంలో స్కౌట్ ఉద్యమానికి ఆద్యుడైన బేడెన్ పవెల్ 1900లో కూడగట్టిన గుర్రపు దళం అది.

ఎదురుగా నలభై మంది బోయర్లు. దూరం వంద గజాలు. గట్టిగా పిలిస్తే పలికే దూరం. చిన్నప్పటి నుంచీ తుపాకీ చేతబట్టి జింకల్ని వేటాడుతూ పెరిగిన రైతులకు ఆ దూరం ఒక లెక్కలోది కాదు. తూటా గడ్డిని కోసుకుంటూ పోతున్నప్పుడు మీ చెవి పక్కన సన్నటి చప్పుడు. ఆ వెంటనే ఇంకొకటి. తల ఎత్తకూడదు. ఎత్తలేరు కూడా.

మీకు కొంచెం అవతల ఇంకొకడు పడి మూలుగుతున్నాడు. అటు ఎవరో వస్తున్నారు. పాకుతూ కాదు, నడిచే వస్తున్నాడు. వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దళం డాక్టరు, సర్జన్ కెప్టెన్ ఆర్థర్ మార్టిన్ లీక్. ఇరవై ఏడేళ్ళవాడు.

గాయానికి కట్టు కట్టడం ఎలాంటి పనో ఒక్కసారి ఆలోచించండి. అది నేలకు కరుచుకుని చేసే పని కాదు. కూర్చోవాలి. రెండు చేతులూ కావాలి. చొక్కా చించి గాయం ఎక్కడుందో చూడాలి, తూటా అవతలి వైపు బయటికి వచ్చిందో లేదో తడిమి తెలుసుకోవాలి, గుడ్డ అదిమి పెట్టాలి, చుట్టాలి, బిగించాలి. అంతసేపూ వీపు శత్రువుకు గురి. తుపాకీ పట్టినవాడికి తిరిగి కాల్చామన్న ధీమా అయినా ఉంటుంది. ఇతని చేతిలో గుడ్డపీలిక తప్ప ఏమీ లేదు. మొదటివాడికి కట్టు కట్టడం పూర్తయింది. లేచాడు. వెనక్కి పోతాడని మీరనుకున్నారు. పోలేదు. ఇంకా అవతల గాయపడి ఉన్న ఒక అధికారి దగ్గరకు నడిచాడు. ఆయన నొప్పితో మెలికలు తిరుగుతున్నాడు. ఒళ్ళు కొంచెం సర్ది, నొప్పి తగ్గేలా పడుకోబెట్టాలని డాక్టరు ప్రయత్నం.

అప్పుడే అతనికి తూటా తగిలింది. తరువాత ఇంకొకటి. మూడోది.

అయినా చేతులు ఆగలేదు. ఆ అధికారిని సర్దుతూనే ఉన్నాడు, ఒంట్లో సత్తువ పూర్తిగా ఉడిగి పక్కకు దొర్లిపోయేదాకా.

ఇప్పుడు ఆ చోట ఉన్న ఎనిమిది మందీ గాయపడినవాళ్ళే. లేచి నిలబడగలవాడు లేడు. ఎండ, గడ్డి, ఈగలు. అన్నిటినీ మించి దాహం.

ఈ దాహం సంగతి కొంచెం చెప్పాలి. నెత్తురు పోతున్నకొద్దీ నాళాల్లో ద్రవం తగ్గుతుంది. ఉన్న కాస్త నెత్తుటినీ గుండెకూ మెదడుకూ అందించాలని శరీరం తంటాలు పడుతుంది, నీళ్ళు కావాలని కేకలు పెడుతుంది. నాలుక అంగిలికి అతుక్కుపోతుంది. గాయం నొప్పిని ఎలాగో పళ్ళబిగువున ఓర్చుకున్నవాడు కూడా ఈ దాహానికి ఓడిపోతాడు. ప్రపంచంలోని ఏ యుద్ధభూమి నుంచి బతికి వచ్చినవాళ్ళు చెప్పినా, పడిపోయినవాళ్ళ నోట మొదట వచ్చిన మాట నీళ్ళే. వైద్యం చదివినవాడికి ఇదంతా తెలుసు. మూడు తూటాలు ఒంట్లోకి దిగిన తరువాత తన ఒంట్లో ఏం జరుగుతోందో మార్టిన్ లీక్‌కు మీకంటే బాగా తెలుసు.

నీళ్ళు వచ్చాయి. మొదట అతని వైపే వెళ్ళాయేమో. అతను వద్దన్నాడు. నీళ్ళు మీ దాకా వచ్చాయి. మీరు తాగారు. మీ పక్కవాడు తాగాడు. ఆ పక్కవాడు తాగాడు. అందరి వంతూ అయ్యేదాకా డాక్టరు గుక్కెడు నీళ్ళు ముట్టలేదు.

ఇది నేను అల్లిన కథ కాదు. 1902 మే 13న లండన్ గెజిట్‌లో అచ్చయిన ప్రశంసాపత్రం ఈ మాటతోనే ముగుస్తుంది: మిగతా అందరికీ అందేవరకూ నీళ్ళు తీసుకోవడానికి నిరాకరించాడని. సైనిక పత్రాలు పొడిపొడిగా ఉంటాయి. ఎంత దూరం, ఎంతమంది శత్రువులు, ఎన్ని తూటాలు, అంతవరకే. అలాంటి పత్రంలో నీళ్ళ సంగతి చోటు చేసుకుందంటే, రాసిన అధికారి చేత ఆ సంగతే కలం పట్టించి ఉంటుందని నా నమ్మకం. కాల్పుల మధ్యకు నడిచి వెళ్ళడానికి ఒక తెగువ కావాలి. అది చాలామంది సైనికులకు ఉంటుంది, క్షణంలో పుడుతుంది. దాహంతో నాలుక పిడచగట్టుకుపోతున్నప్పుడు చేతికందిన నీళ్ళను పక్కవాడికి ఇమ్మనడం అలాంటిది కాదు. అక్కడ ఆవేశం లేదు, చూసి మెచ్చుకునేవాళ్ళు లేరు. ఎన్నో ఏళ్ళుగా మనిషిలో స్థిరపడి ఉన్నదేదో ఆ సమయానికి బయటికి వస్తుంది.

జూన్ 2న లండన్‌లో, సెయింట్ జేమ్స్ భవనంలో, ఏడో ఎడ్వర్డ్ రాజు అతనికి విక్టోరియా క్రాస్ అందించాడు. యుద్ధం ముగిసి అప్పటికి రెండు రోజులు.

ఇప్పుడు ఆ పతకం ముందుకు రండి. ఇంగ్లండులో ఆల్డర్‌షాట్ పరిసరాల్లోని కియో బ్యారక్స్‌లో ఏర్పడిన సైనిక వైద్య మ్యూజియం సేకరణలోది ఇది. యుద్ధాల్లో వైద్యం చేసినవాళ్ళ పనిముట్లు, మందుల పెట్టెలు, స్ట్రెచర్లు, వాళ్ళ పతకాలు కూడబెట్టిన సంస్థ అది. గాజుకు ముఖం దగ్గరగా పెట్టి చూడండి. మొదటి చూపుకు నిరుత్సాహపడతారు. బంగారం కాదు, వెండి కాదు. ముదురు గోధుమ రంగు కంచు. ఒకటిన్నర అంగుళం కూడా లేని వెడల్పు, ముప్ఫై గ్రాములకు లోపే బరువు. సిలువ ఆకారం, మధ్యలో కిరీటం, దాని మీద సింహం, కింద చుట్టిన పట్టీలో శౌర్యానికి అని చెప్పే రెండే రెండు మాటలు. ముదురు ఎరుపు రిబ్బను. విక్టోరియా రాణి 1856 జనవరి 29న దీన్ని నెలకొల్పింది. మొదటి నుంచీ లండన్‌లోని హాన్‌కాక్స్ అనే నగల దుకాణమే తయారుచేస్తోంది. క్రిమియా యుద్ధంలో పట్టుబడిన ఫిరంగుల లోహంతో పోస్తారని వాడుక. ఆ ఫిరంగులు చైనాలో పోతపోసినవని తరువాత కొందరు పరిశోధకులు అన్నారు. సైన్యంలో పెద్ద అధికారికీ మామూలు సిపాయికీ ఒకటే పతకం, అదే కంచు.

ఇప్పుడు ఎర్ర రిబ్బను మీదికి చూపు పోనివ్వండి. పైన అడ్డంగా ఇంకో చిన్న కంచు పట్టీ ఉంది, ఆకుల నగిషీతో. చాలామంది గమనించకుండా దాటిపోయేది అదే. ఒకసారి విక్టోరియా క్రాస్ పొందినవాడు మళ్ళీ అంతటి పని చేస్తే రెండో సిలువ ఇవ్వరు, రిబ్బనుకు ఈ పట్టీ చేరుస్తారు. దాన్ని బార్ అంటారు. నూట అరవై ఏళ్ళకు మించిన చరిత్రలో విక్టోరియా క్రాస్ 1,350కి పైగా ఇచ్చారు. బార్ దక్కినవాళ్ళు ముగ్గురంటే ముగ్గురు. వాళ్ళలో మొదటివాడు మార్టిన్ లీక్. రెండోవాడు నోయెల్ షవాస్, ఇతనూ డాక్టరే. మూడోవాడు న్యూజీలాండ్‌కు చెందిన చార్ల్స్ అప్‌హామ్. ముగ్గురిలో ఇద్దరు ఆ గుర్తింపు పొందింది ప్రాణాలు తీసి కాదు, ప్రాణాలు కాపాడి.

ఆ గాజు పెట్టె ముందు నిలబడినప్పుడు కనిపించని మనుషులు కూడా గుర్తుకు రావాలి. అదే బోయర్ యుద్ధంలో, 1899లో, నేటాల్‌లో గాంధీ భారతీయులతో అంబులెన్స్ దళం కట్టాడు. దాదాపు 1,100 మంది. అందులో 800 మంది చెరకు తోటల ఒప్పంద కూలీలు. నేటాల్ తోటలకు మద్రాసు రేవులో ఓడలెక్కించిన జనంలో తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ వేల సంఖ్యలో ఉన్నారు. కొలెన్సో, స్పియన్ కోప్ పోరాటాల్లో ఆ దళం గాయపడ్డవాళ్ళను స్ట్రెచర్ల మీద మోసింది. కొన్ని రోజుల్లో ఇరవై పాతిక మైళ్ళ నడక. యుద్ధమయ్యాక దళం నాయకులు ముప్ఫై ఏడు మందికి యుద్ధ పతకాలు ఇచ్చారు. మోసినవాళ్ళు తిరిగి తోటల్లోకి వెళ్ళిపోయారు. ఆ యుద్ధం న్యాయమైనదని నేననను. నల్లవాళ్ళ నేల మీద ఇద్దరు తెల్లవాళ్ళు పడ్డ తగవు అది. బ్రిటిష్ వాళ్ళు పెట్టిన నిర్బంధ శిబిరాల్లో బోయర్ పిల్లలే ఇరవై వేల మందికి పైగా చనిపోయారు. ఇదంతా తెలిసీ, ఆ గడ్డిలో నీళ్ళు వద్దన్న మనిషి ముందు నాకు తల వంచాలనే అనిపిస్తుంది.

గాయాల నుంచి కోలుకుంటూనే మార్టిన్ లీక్ చదువు కొనసాగించి 1903లో శస్త్రవైద్యుల ఎఫ్.ఆర్.సి.ఎస్. పరీక్ష గట్టెక్కాడు. ఆ తరువాత కొద్ది కాలానికే మన దేశం వచ్చాడు, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకు ప్రధాన వైద్యాధికారిగా. మన పెద్దవాళ్ళ నోట బి.ఎన్.ఆర్. అన్న మూడక్షరాలు విన్నవారికి వేరే చెప్పక్కర్లేదు. కలకత్తా గార్డెన్ రీచ్‌లో ప్రధాన కార్యాలయం. 1902లో కటక్ నుంచి వాల్తేరు దాకా తీరం వెంబడి ఉన్న లైను కూడా ఈ కంపెనీ చేతికే వచ్చింది. ఇచ్ఛాపురం, పలాస, నౌపడా, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం, ఇవన్నీ ఆ లైను మీది స్టేషన్లే. తరువాత విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా కొండల్లోకి లైను సాగి, 1931 నాటికి రాయపూర్ దాకా కలిసింది. మన్యం జ్వరానికి పేరుమోసిన అడవులు అవి. మలేరియా మీద పరిశోధనలు చేసిన రోనాల్డ్ సీనియర్ వైట్ పనిచేసింది కూడా ఈ రైల్వేలోనే. గ్యాంగ్‌మేన్లు, కలాసీలు, పాయింట్స్‌మెన్, బొగ్గు వేసే ఫైర్‌మెన్, వాళ్ళ భార్యాపిల్లలు, ఇంతమంది ఆరోగ్యం చూసే శాఖకు పెద్ద, విక్టోరియా క్రాస్ పొందిన ఆ మనిషి. మధ్యలో 1912లో బాల్కన్ యుద్ధం వస్తే బ్రిటిష్ రెడ్‌క్రాస్‌తో మాంటెనీగ్రో సైన్యానికి వైద్యం చేయడానికి వెళ్ళాడు. ముగించుకుని మళ్ళీ రైల్వే పనికే వచ్చాడు.

1914 ఆగస్టు. మొదటి ప్రపంచ యుద్ధం. అతనికి నలభై ఏళ్ళు నిండాయి. ఈ వయసులో లండన్ వెళ్ళి అడిగితే వద్దంటారేమోనని భయపడ్డాడు. నేరుగా పారిస్ చేరి, అక్కడి బ్రిటిష్ కాన్సలేట్‌లో పేరు రాయించుకుని, మొదట ఎదురైన వైద్య దళంలో చేరిపోయాడు. విక్టోరియా క్రాస్ ఉన్న శస్త్రవైద్యుడు, పెద్ద రైల్వేకు వైద్యాధికారి, ఇప్పుడు లెఫ్టినెంట్. 5వ ఫీల్డ్ అంబులెన్స్‌లో ఒక మామూలు డాక్టరు.

రండి, మళ్ళీ అక్కడికి. ఈసారి మీరు స్ట్రెచర్ మోసేవాళ్ళలో ఒకరు.

1914 అక్టోబరు చివరి రోజులు. బెల్జియంలో ఈప్ర్ పట్టణానికి తూర్పున, జోన్నబెక గ్రామం దాపున. ఫీల్డ్ అంబులెన్స్ అంటే బండి ఒక్కటే కాదు, రెండు వందల పైచిలుకు మనుషుల దళం. ముందు వరుసల నుంచి గాయపడ్డవాళ్ళను మోసుకొచ్చేవాళ్ళు కొందరు, వెనక డేరాల్లో కట్లు కట్టేవాళ్ళు కొందరు. మోటారు బండ్లు ఇంకా కొద్దే. గుర్రాలు లాగే బండ్లే దిక్కు. ఇంగ్లిషు దళాలు వెనక్కి తగ్గితే ఈప్ర్ పోతుంది, ఆ వెనక సముద్రపు రేవులు పోతాయి. జర్మన్లు ఒకదాని మీద ఒకటిగా దళాలు పంపుతున్నారు. కందకాలు ఇంకా లోతైనవి కావు, హడావుడిగా తవ్విన గుంటలు. వాటి ముందు పొలంలో, అటు జర్మన్ల గుంటలకూ ఇటు మన గుంటలకూ మధ్యలో, పగలంతా పడిపోయినవాళ్ళు పడిపోయిన చోటే ఉన్నారు. పగలు అటు వెళ్తే ఎవడూ తిరిగి రాడు. చీకటి పడేదాకా ఆగాలి.

చీకటి పడింది. లెఫ్టినెంట్ మార్టిన్ లీక్ ముందు నడుస్తున్నాడు. మీరు స్ట్రెచర్ పిడి పట్టుకుని వెనక. చలి. బూట్ల కింద మెత్తటి మట్టి. ఒక్కసారిగా ఆకాశంలో వెలుగు గుండు పేలి పొలమంతా తెల్లగా మారిపోతుంది. కదలకూడదు, ఉన్న చోటే బొమ్మలా నిలిచిపోవాలి. వెలుగు చచ్చాక మళ్ళీ నడక. దిక్కు తెలిపేది మూలుగులే. ఒక మూలుగు దగ్గరకు చేరేసరికి ఇంకోటి అవతల నుంచి. డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుంటాడు. పన్నెండేళ్ళ కిందట ఫ్లాక్‌ఫాంటేన్‌లో కూర్చున్నట్టే. జర్మన్ గుంటల్లో మాటలు వినిపించేంత దగ్గర. అతను ఒకడికి కట్టు బిగించి, చేత్తో సైగ చేస్తాడు. మీరు ఎత్తుతారు. గాయపడ్డవాడి బరువు రెండింతలయినట్టు ఉంటుంది. అరవకుండా ఉండాలని వాడు తన చొక్కా చేతిని కొరుక్కుంటున్నాడు. వెనక్కి చేర్చి, అప్పగించి, ఖాళీ స్ట్రెచర్‌తో మళ్ళీ ముందుకు. ఎన్నోసారో లెక్క పెట్టడం మానేశారు. డాక్టరు లెక్క పెడుతున్నట్టు కూడా లేదు.

ఇలా ఒక రాత్రి కాదు. అక్టోబరు 29 నుంచి నవంబరు 8 దాకా. ఆగని కాల్పుల మధ్య, శత్రువు కందకాల దగ్గరగా పడి ఉన్న గాయపడ్డవాళ్ళను పెద్ద సంఖ్యలో కాపాడాడని 1915 ఫిబ్రవరి 18 నాటి గెజిట్. ఫ్లాక్‌ఫాంటేన్ పత్రంలో ఉన్నంత వివరం ఇందులో లేదు. తూటాలెన్ని, గజాలెన్ని, ఏమీ చెప్పదు. పదకొండు రోజులు రోజూ అదే పని చేసిన మనిషి గురించి రాయబోతే విడదీసి చెప్పడానికి ఘట్టమంటూ దొరకదు కదా. రెండు సార్ల ధైర్యంలో నాకు రెండోదే పెద్దదిగా కనిపిస్తుంది. మొదటిసారి అతనికి ఏమవుతుందో తెలియదు. రెండోసారి మూడు తూటాల మచ్చలున్నవాడు ముందుకు నడిచాడు. తూటా దిగితే ఎలా ఉంటుందో, ఆ తరువాత వచ్చే దాహం ఎలాంటిదో తెలిసినవాడు.

అదే రోజుల్లో, అక్టోబరు 31న, అక్కడికి దక్షిణంగా కొద్ది దూరంలో హోలబెక దగ్గర ఇంకొకరు పోరాడుతున్నారు. 129వ బలూచీ దళంలో మెషిన్‌గన్ సిపాయి ఖుదాదాద్ ఖాన్. తోటివాళ్ళంతా చనిపోయినా తుపాకీ వదల్లేదు. అతనూ చనిపోయాడనుకుని శత్రువు వదిలేసి పోతే, గాయాలతో పాక్కుంటూ తన దళం చేరాడు. విక్టోరియా క్రాస్ పొందిన మొదటి భారతీయ సిపాయి అతనే. 1911 దాకా భారతీయ సైనికులకు ఈ పతకం పొందే అర్హతే ఉండేది కాదు. అర్ధ శతాబ్దం పైగా ఎందరి ధైర్యం ఈ కంచు దాకా రాకుండా మట్టిలో కలిసిపోయిందో ఎవరూ చెప్పలేరు.

మూడేళ్ళు గడిచాయి. అదే ఈప్ర్. మార్టిన్ లీక్ ఇప్పుడు లెఫ్టినెంట్ కల్నల్, 46వ ఫీల్డ్ అంబులెన్స్‌కు అధిపతి.

1917 జూలై 31 తెల్లవారుజామున బ్రిటిష్ వాళ్ళ పెద్ద దాడి మొదలైంది. మధ్యాహ్నానికి వాన. ఫిరంగి గుండ్లు కాలవలన్నిటినీ బద్దలు కొట్టేసిన నేల మీద ఆ వాన నిలిచిపోయింది, పొలాలన్నీ ఊబి. మామూలుగా నలుగురు మోసే స్ట్రెచర్‌కు ఎనిమిది మంది కావాల్సి వచ్చింది. వీల్చె అనే పల్లె దగ్గర కెప్టెన్ నోయెల్ షవాస్ గాయపడ్డవాళ్ళకు కట్లు కడుతున్నాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు, 1908 లండన్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగు పోటీలో పాల్గొన్నవాడు, లివర్‌పూల్ బిషప్ గారి కవల పిల్లల్లో ఒకడు. అంతకు ముందటి ఏడాది సోమ్ యుద్ధంలో గాయపడ్డవాళ్ళ కోసం కాల్పుల మధ్య వెతికినందుకు అతనికి అప్పటికే ఒక విక్టోరియా క్రాస్ ఉంది. ఇప్పుడు మొదట్లోనే తలకు గాయమైంది. వెనక్కి పొమ్మంటే పోలేదు. రెండు రోజులు, సరైన తిండి లేకుండా, తలకు కట్టుతో, మళ్ళీ మళ్ళీ బయటికి వెళ్ళి మనుషుల్ని తెస్తూనే ఉన్నాడు. ఆగస్టు 2 తెల్లవారకముందే ఒక గుండు వచ్చి అతను పనిచేస్తున్న చోటే పడింది. కడుపులో తీవ్రమైన గాయం.

మీరు బ్రాండ్‌హూక్ రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. ముందు వరుసల నుంచి వచ్చే బండ్లన్నీ ఇటే. పక్కనే శస్త్రచికిత్సలు చేసే డేరాలు. రోడ్డంతా బురద, చక్రాల గాళ్ళు, అటూ ఇటూ తొక్కిసలాట. ఒక అంబులెన్స్ బండి ఆగింది. 46వ ఫీల్డ్ అంబులెన్స్ బండి, మార్టిన్ లీక్ దళానిది. వెనక తలుపు తీస్తే లోపల ఉన్నది షవాస్.

అప్పటికి రెండుసార్లు విక్టోరియా క్రాస్ పొందినవాడు ప్రపంచంలో ఒకే ఒక్కడు, ఆ బండి ఏ దళానిదో ఆ దళం అధిపతి. రెండోవాడు కాబోతున్నది ఆ బండిలో ఉన్న మనిషి. షవాస్‌కు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. అతని బార్ సెప్టెంబరులో ప్రకటించారు. అతను ఆగస్టు 4న చనిపోయాడు. ముప్ఫై రెండేళ్ళు. పెళ్ళి నిశ్చయమై ఉంది. బ్రాండ్‌హూక్ కొత్త సైనిక శ్మశానంలో అతని సమాధి రాయి మీద రెండు సిలువలు చెక్కారు. అలా రెండు ఉన్న సమాధి రాయి ఇంకొకటి లేదు.

ఇద్దరూ డాక్టర్లు, ఇద్దరూ గాయపడ్డాక కూడా పని ఆపనివాళ్ళు. ఒకడికి తన గాయాల నుంచి కోలుకుని ముప్ఫై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేసే ఆయుష్షు దొరికింది. ఇంకొకడికి రెండు రోజులు. ఈ తేడాలో ధైర్యం పాత్ర ఏమీ లేదు. ఒక గుండు ఏ పక్కన పడిందన్నదే. పతకాల గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట మరిచిపోతే బతికినవాళ్ళకూ పోయినవాళ్ళకూ కూడా అన్యాయమే చేసినట్టు.

యుద్ధం అయిపోయాక మార్టిన్ లీక్ తిరిగి బి.ఎన్.ఆర్. కొలువుకే వచ్చాడు. ఆర్భాటం గిట్టని మనిషి. ఏమైనా రాస్తే వేట గురించి, తిరుగుళ్ళ గురించి. యాభై ఆరో ఏట, 1930లో పెళ్ళి చేసుకున్నాడు, కొద్ది కాలానికే భార్య పోయింది. అతని అన్న ఫ్రాన్సిస్ నావికాదళంలో కెప్టెన్. 1914 సెప్టెంబరులో జలాంతర్గామి వదిలిన టార్పెడోకు మునిగిన పాత్‌ఫైండర్ నౌక అతని ఆధ్వర్యంలోదే. అన్న బతికి బయటపడ్డాడు. బెలూన్ నడిపే ఇంకో సోదరుడు 1907లోనే ప్రమాదంలో పోయాడు. ఈ ఇంట్లో మృత్యువు పరాయిది కాదు. 1937లో ఉద్యోగ విరమణ చేసి, ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని హై క్రాస్ అనే పల్లెలో ఉన్న సొంత ఇంటికి వెళ్ళాడు. ఆ పల్లెలోనే 1953 జూన్ 22న, డెబ్బై తొమ్మిదేళ్ళ వయసులో కన్నుమూశాడు. పతకం సైనిక వైద్యుల మ్యూజియానికి చేరింది.

పదవీ విరమణకూ మరణానికీ మధ్య ఇంకో యుద్ధం వచ్చింది. 1940లో లండన్ మీద, చుట్టుపక్కల పల్లెల మీద రాత్రిళ్ళు బాంబులు పడుతున్నాయి. సైరన్ మోగగానే గాయపడ్డవాళ్ళ దగ్గరకు పరిగెత్తడానికి వైమానిక దాడుల రక్షణ దళాలు కట్టారు. అలాంటి సంచార దళం ఒకదానికి అధిపతి కావాలి. మార్టిన్ లీక్‌కు అప్పటికి అరవై ఆరేళ్ళు. 1914లో నలభై ఏళ్ళకే వద్దంటారేమోనని పారిస్ దాకా వెళ్ళి పేరు రాయించుకున్న మనిషికి ఈసారి అంత దూరం వెళ్ళాల్సిన అవసరం లేకపోయింది. ఆ దళాన్ని అతనే నడిపాడు.